తొమ్మిదో తరగతిలో సమాజశాస్త్రం తొలి పాఠాలు ఎలా చెప్పాలి

మన ఉన్నత పాఠశాలల్లో సమాజశాస్త్రం (సోషియాలజీ) పేరుతో విడిగా పుస్తకం లేదు. సీబీఎస్‌ఈ బడుల్లో పదకొండో తరగతికి వచ్చాక ఐచ్ఛికంగా దొరుకుతుంది. మిగతా పిల్లలకు అది సాంఘికశాస్త్రం పుస్తకంలోనే కుటుంబం, లింగ వివక్ష, కులం, వలస, ఉద్యమాలు అంటూ అక్కడక్కడా తగులుతుంది. తేదీలకూ పటాలకూ ఇచ్చే శ్రద్ధ ఆ పాఠాలకు ఇవ్వం. "ఇంటి దగ్గర చదువుకోండి" అని దాటేస్తాం. పరీక్షలో ఒక నిర్వచనం అడుగుతారు, పిల్లలు ఒక నిర్వచనం రాస్తారు, వ్యవహారం ముగిసిపోతుంది.

ఈ పద్ధతి మార్చాలనుకునే సాంఘికశాస్త్రం ఉపాధ్యాయుల కోసం ఇది రాస్తున్నాను. పది పన్నెండు పీరియడ్లు కేటాయించగలిగితే చాలు. ఏ తరగతికి అంటే, నా ఓటు తొమ్మిదికే. పదో తరగతి పబ్లిక్ పరీక్షల హడావిడిలో ఉంటుంది. ఎనిమిదిలో లెక్కలు వేయడం దాకా బాగానే వస్తారు కానీ కులం, పెళ్లి లాంటి విషయాల దగ్గర చర్చ నిలవదు.

ఒక్క నియమం మాత్రం చివరిదాకా పాటించండి. పిల్లలు ముందు చూడాలి, తర్వాత లెక్కపెట్టాలి, ఆ తర్వాత వాదించుకోవాలి. పారిభాషిక పదం అన్నిటికన్నా చివర రావాలి.

తరగతికి వెళ్లకముందే మీ గీత గీసుకోండి

భౌతికశాస్త్రం పాఠంలో లోలకానికి సిగ్గు ఉండదు. ఇక్కడ చదవాల్సిన వస్తువు, చదివే పిల్లలు ఒక్కటే. నాన్న తాగుడు, అమ్మ విడిగా ఉండటం, కులం పేరు, కౌలు అప్పు ఇవన్నీ తరగతి గదిలోనే కూర్చుని ఉంటాయి. కాబట్టి మూడు ప్రశ్నలు నోటితో అడగకండి, కాగితం మీద కూడా అడగకండి: మీ కులం ఏమిటి, మీ ఇంటి ఆదాయం ఎంత, మీ నాన్న ఏం చేస్తారు. చివరిది అమాయకమైన ప్రశ్నలా కనిపిస్తుంది. తండ్రి లేని పిల్లవాడిని నలభై మంది ముందు నిలబెట్టి అడిగితే ఎంత అమాయకమో తెలుస్తుంది.

అందరికీ ఉమ్మడిగా ఉన్నవాటితో మొదలుపెట్టండి: బడి, బస్సు, వీధి, పత్రిక. ఇంటి గడప లోపలికి వెళ్లాల్సి వస్తే ఊహా కుటుంబాన్ని తీసుకోండి, లేదా పేరులేని చీటీ వాడండి. ప్రధానోపాధ్యాయులకు ఏం చేయబోతున్నారో ముందే చెప్పి ఉంచండి. ఎవరో ఒక తండ్రి వచ్చి "పిల్లలతో ఇంటి పనుల లెక్కలు ఎందుకు రాయిస్తున్నారు" అని అడిగే రోజు వస్తుంది. అప్పుడు మీరు ఒంటరిగా ఉండకూడదు.

భాష గురించి ఒక మాట. పుస్తకం ఇంగ్లీషు మాధ్యమంలో ఉన్నా చర్చ తెలుగులోనే జరగనివ్వండి. పిల్లలు వాదించుకునేది తెలుగులోనే. పరీక్షకు కావలసిన ఇంగ్లీషు పదాన్ని పీరియడు చివర బోర్డు మీద పక్కన రాస్తే సరిపోతుంది.

మొదటి పని: మధ్యాహ్న భోజనం వరుసను చూడమనండి

మధ్యాహ్న భోజనం ఉన్న బడి అయితే అంతకన్నా మంచి ప్రయోగశాల లేదు. లేని బడిలో ఉదయం ప్రార్థన సమావేశమో, బస్సు ఎక్కే చోటో తీసుకోండి. పిల్లలను నలుగురేసి జట్లుగా విడదీసి, పావుగంట సేపు చూసి, చూసింది మాత్రమే రాయమనండి. ఎవరు ముందు నిలబడ్డారు, ఎవరు వడ్డించారు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరు లేచి కంచాలు కడిగారు, ఉపాధ్యాయులు ఎక్కడ తిన్నారు.

మర్నాడు రాసుకొచ్చినవి చదివించండి. మొదటిసారి దాదాపు అందరూ తీర్పులే రాస్తారు. "అబ్బాయిలకు క్రమశిక్షణ లేదు" అని ఒకరు, "అమ్మాయిలు సిగ్గుపడుతున్నారు" అని ఇంకొకరు. బోర్డును రెండుగా విభజించి ఒక పక్క "చూసింది" అనీ, రెండో పక్క "అనుకున్నది" అనీ రాయండి. "ఐదుగురు అబ్బాయిలు వరుస దాటి ముందుకు వెళ్లారు" అనేది మొదటి పక్కకు వెళ్తుంది. "క్రమశిక్షణ లేదు" అనేది రెండో పక్కకు. ప్రతి వాక్యం ఎటు వెళ్లాలో పిల్లలే తేల్చనివ్వండి. గొడవపడతారు, పడనివ్వండి. ఈ ఒక్క పని కుదిరితే సగం సమాజశాస్త్రం వచ్చినట్టే అని నా నమ్మకం.

తర్వాత ఈ వరుస అసలు ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. పిల్లలకు అది ఎప్పటి నుంచో ఉన్నట్టు అనిపిస్తుంది. ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టాలని రాష్ట్రాలను సుప్రీంకోర్టు ఆదేశించింది 2001 నవంబరులో. అంటే వాళ్లు పుట్టడానికి కొన్నేళ్ల ముందు. ఇప్పుడు సహజంగా కనిపించేదానికీ ఒక పుట్టుక తేదీ ఉందని తెలియడం ఈ వయసులో పెద్ద సంగతి.

ఒక హెచ్చరిక. కూర్చునే తీరులో కులం బయటపడవచ్చు. ఏ పిల్లల కంచాలకు ఎవరు దూరంగా ఉంటున్నారో ఒక జట్టు రాసుకు రావచ్చు. అలా వస్తే దాన్ని ఆ రోజు తరగతిలో చర్చకు పెట్టకండి. ఆ కాగితాన్ని విడిగా తీసుకుని ప్రధానోపాధ్యాయుల దగ్గరకు వెళ్లండి. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం నిషేధించింది. బడిలో అది కనిపిస్తే ఆపడం మన బాధ్యత, పిల్లలది కాదు.

రెండో పని: ఎవరూ రాయని నియమాలు

గోడ మీద వేలాడే బడి నియమాలను పక్కన పెట్టి, ఎక్కడా రాసి లేకపోయినా అందరూ పాటించే నియమాలు చెప్పమనండి. మాస్టారు వస్తే లేవాలి. పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవకూడదు. చెప్పులు గుమ్మం బయట విడవాలి. అబ్బాయిల వరుసలో అమ్మాయి కూర్చోదు. మొదటి బెంచీ ఫలానావాళ్లది. బోర్డు నిండిపోతుంది. ఒక్కోదాని పక్కన "తప్పితే ఏమవుతుంది" అని అడగండి. దెబ్బ, జరిమానా చాలా తక్కువసార్లు వస్తాయి. ఎక్కువగా వచ్చేవి ఒక చూపు, ఒక నవ్వు, ఒక వెక్కిరింపు పేరు. ఇంత తక్కువ శిక్షతో ఇంతమంది ఎలా కట్టుబడి ఉంటున్నారన్నదే అసలు ప్రశ్న.

1960లలో అమెరికా సమాజశాస్త్రవేత్త హెరాల్డ్ గార్ఫింకెల్ తన విద్యార్థులను సొంత ఇంట్లోనే అద్దెకున్న పరాయివాళ్లలా, అతి మర్యాదగా ప్రవర్తించమన్నాడు. ఇంట్లోవాళ్లు తికమకపడ్డారు, కోప్పడ్డారు, ఒంట్లో బాగాలేదా అని అడిగారు. ఈ కథ చెప్పండి. కానీ పిల్లలను ఇంటి దగ్గర ప్రయత్నించమనకండి. అమెరికాలో ఆ విద్యార్థులకు ఎదురైంది విసుగూ కోపమూ మాత్రమే, మన పిల్లలకు వీపు మీద పడుతుంది. నియమం తప్పే పని మీరే చేయండి: ఒక రోజు తరగతిలోకి వచ్చి, ఏమీ మాట్లాడకుండా చివరి బెంచీలో పిల్లల మధ్య కూర్చోండి. రెండు నిమిషాలు చాలు. గదిలో ఏం జరిగిందో వాళ్లచేతే రాయించండి. ఇప్పుడు బోర్డు మీద "సాంఘిక ప్రమాణం" అన్న పదం రాయండి. దానికి నిర్వచనం వాళ్లే చెబుతారు.

మూడో పని: ఆదివారం నిమిషాల లెక్క

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇదే, రెండు పీరియడ్లు తీసుకోండి. ప్రతి విద్యార్థీ ఒక ఆదివారం తాను ఇంటి పనికి ఎన్ని నిమిషాలు వెచ్చించాడో రాసుకు రావాలి: ఊడ్చడం, అంట్లు, వంటలో సాయం, నీళ్లు పట్టడం, తమ్ముడిని చూసుకోవడం, బట్టలు. తన లెక్క మాత్రమే, అమ్మానాన్నలది కాదు. అప్పుడు ఏ ఇంటి గుట్టూ బయటపడదు, వసతి గృహంలో ఉండే పిల్లలూ చేయగలుగుతారు. చీటీ మీద పేరు వద్దు. అమ్మాయో అబ్బాయో తెలిసేలా ఒక గుర్తు, ఒక అంకె, అంతే.

చీటీలు డబ్బాలో వేయించి, అంకెలన్నీ బోర్డు మీద రెండు వరుసల్లో రాయించండి. సగటు తీయించండి. సున్నాలు వచ్చినప్పుడు "సార్, సున్నా కూడా కలపాలా" అని ఎవరో అడుగుతారు. అడగకపోతే మీరే అడగండి. ఎందుకంటే ఆ సున్నాలోనే పాఠం ఉంది.

ఇప్పుడు జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన కాల వినియోగ సర్వే అంకెలు రాయండి. ఆరేళ్లు నిండినవారిలో జీతం లేని ఇంటి పని చేసిన స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. మూడు రెట్ల తేడా. అబ్బాయిలు "ఫర్వాలేదు, గంటన్నర చేస్తున్నాంగా" అంటారు. అప్పుడు రెండో అంకె చూపండి. సర్వే జరిగిన రోజున ఇలాంటి పనిలో పాల్గొన్న స్త్రీలు 81.2 శాతం, పురుషులు 26.1 శాతం. 97 నిమిషాలన్నది ఆ పాల్గొన్న నాలుగో వంతు మగవారి సగటు. ఏమీ చేయని వారి సున్నాలను కూడా కలిపితే ఎంతవుతుందో గుణించమనండి. పురుషులది సుమారు 25 నిమిషాలకు పడిపోతుంది, స్త్రీలది 243 దగ్గర ఆగుతుంది. మూడు రెట్లు కాస్తా పది రెట్లకు దగ్గరవుతుంది. పత్రికలో ఏ సగటు కనిపించినా "ఎవరి సగటు" అని అడిగే అలవాటు ఇక్కడే పడాలి. లెక్కల మాస్టారిని కూడా పిలిస్తే ఆయన సంతోషిస్తారు.

తర్వాత "ఎందుకు" అని అడగండి. "అమ్మకు అలవాటు", "అమ్మకు ఇష్టం", "అమ్మాయిలకు బాగా వస్తుంది" అనే జవాబులు వస్తాయి. వాటిని కొట్టిపారేయకండి, ఒక్కో మెట్టు కిందికి దించండి. అలవాటు ఎవరు చేశారు? ఎన్నో ఏట? పెళ్లి భోజనాల దగ్గర వంటవాళ్లు ఎక్కువగా మగవాళ్లే కదా, మరి వంట బాగా రాకపోవడం ఇంట్లోనే ఎందుకు? ఈ చివరి ప్రశ్నకు గది నిశ్శబ్దమవుతుందని చెప్పను, పెద్ద గోల అవుతుంది. జీతం ఉంటే మగవాడి పని, జీతం లేకపోతే ఆడవారి పని అని ఎవరో ఒక అమ్మాయే అనేస్తుంది. "సామాజికీకరణ" (పెరుగుతూ సమాజం అలవాట్లు నేర్చుకోవడం), "లింగ పాత్ర" అన్న పదాలు రాయాల్సింది అప్పుడు.

ఇదే చోట అమెరికా సమాజశాస్త్రవేత్త సి. రైట్ మిల్స్ 1959లో చెప్పిన తేడాను కూడా అందించవచ్చు. లక్ష మంది ఉన్న నగరంలో ఒక్కడికి ఉద్యోగం లేకపోతే అది అతని ఇబ్బంది, అతని నైపుణ్యాన్నీ ప్రవర్తననూ చూడాలి. ఐదు కోట్ల మంది పనిచేసే దేశంలో కోటిన్నర మందికి ఉద్యోగం లేకపోతే ఒక్కొక్కరి గుణగణాలు వెతికి లాభం లేదు, వ్యవస్థను చూడాలి. మీ బోర్డు మీది అంకెలు ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతాయో పిల్లలనే అడగండి.

నాలుగో పని: ఊహా కుటుంబంతో బంధుత్వ పటం

మగవారికి త్రిభుజం, ఆడవారికి వృత్తం, పెళ్లికి రెండు అడ్డగీతలు. మూడు తరాల ఊహా కుటుంబాన్ని బోర్డు మీద గీయండి. మధ్యలో ఒక అమ్మాయిని పెట్టి, ఒక్కొక్కరినీ ఆమె ఏమని పిలుస్తుందో రాయించండి. పెదనాన్న కొడుకు అన్నయ్య, పిన్ని కొడుకు కూడా అన్నయ్యే. మేనత్త కొడుకు, మేనమామ కొడుకు మాత్రం బావ. ఒకే వయసు, ఒకే రకం రక్తసంబంధం, అయినా ఒకరితో పెళ్లి ఊహించడమే పాపం, ఇంకొకరితో పరిహాసాలు కూడా చెల్లుతాయి. పిల్లలు నవ్వుతారు. ఈ పాఠానికి ఆ నవ్వు కావాలి.

1953లో మానవశాస్త్రవేత్త ఇరావతి కర్వే దేశంలోని బంధుత్వ పద్ధతులను పోల్చి చూసినప్పుడు ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య స్పష్టంగా కనబడిన తేడాల్లో ఇదొకటి. ఉత్తరాదిలో చాలా హిందూ కుటుంబాలకు మేనరికం వినడానికే ఇబ్బంది. ముస్లిం కుటుంబాల్లో అన్నదమ్ముల పిల్లల మధ్య పెళ్లి జరగవచ్చు, అది మన హిందూ కుటుంబాలకు మింగుడుపడదు. చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది: 1955 నాటి హిందూ వివాహ చట్టం దగ్గరి బంధువుల పెళ్లిని నిషేధిస్తూనే, ఆచారం అనుమతించిన చోట మినహాయింపు ఇచ్చింది. మేనరికం వల్ల పిల్లలకు జబ్బులు వస్తాయా అని తప్పక అడుగుతారు. కొన్ని జన్యు వ్యాధుల ముప్పు పెరుగుతుందని సూటిగా చెప్పి, మిగతాది జీవశాస్త్రం పీరియడుకు పంపండి. తరగతిలో మేనరికపు దంపతుల పిల్లలు ఉంటారని మాత్రం మరవకండి.

ఐదో పని: కులం గురించి, పెళ్లి ప్రకటనల సాయంతో

కులం దగ్గరకు రాగానే చాలామందిమి "పూర్వం మన సమాజంలో కులవ్యవస్థ ఉండేది" అని భూతకాలంలోకి జారుకుంటాం. పిల్లలకు అది అబద్ధమని తెలుసు. అబద్ధం చెప్పారని తెలిసిన మాస్టారి దగ్గర ఇక ఏ ప్రశ్నా అడగరు. మరో చివరకు వెళ్లి, ఒక దళిత విద్యార్థిని లేపి "నీ అనుభవం చెప్పు" అనడం ఇంకా ఘోరం. ఆ పిల్లవాడు చదువుకోవడానికి వచ్చాడు, సాక్ష్యం చెప్పడానికి కాదు.

మధ్యేమార్గం ఆదివారం పత్రికలో ఉంది. పెళ్లి ప్రకటనల పేజీలు పోగుచేయండి. జట్టుకు యాభై ప్రకటనలు ఇవ్వండి. కులం పేరు ఎన్నింటిలో ఉంది, ఉపకులం లేదా శాఖ ఎన్నింటిలో, "కులం పట్టింపు లేదు" అన్నవి ఎన్ని, చదువు, జీతం, ఎత్తు, రంగు ఎన్నింటిలో, రంగు అడిగింది వధువుకా వరుడికా, విదేశీ ఉద్యోగం ప్రస్తావన ఎన్నింటిలో. ఫోన్ నంబర్లను ముందే కత్తిరించి తీసేయండి, కుర్రాళ్లు ఊరుకోరు. ఇందులో ఎవరి ఇల్లూ లేదు, ఎవరి కులమూ అడగలేదు. అయినా ఊరంతా ఆ కాగితం మీద ఉంది.

లెక్క పూర్తయ్యాక అంబేద్కర్ గురించి చెప్పండి. రాజ్యాంగం రాసిన అంబేద్కర్ పిల్లలకు తెలుసు, సమాజశాస్త్ర విద్యార్థి అంబేద్కర్ తెలియదు. 1916 మే నెలలో, పాతికేళ్ల వయసులో, న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కులంపై ఆయన ఒక పరిశోధన పత్రం చదివారు. కులానికి మూలం ఎక్కడుందని వెతికి, అది సొంత కులంలోనే పెళ్లి చేసుకోవాలన్న కట్టుబాటులో ఉందని తేల్చారు. శతాబ్దం దాటింది. మీ పిల్లలు లెక్కపెట్టిన యాభై ప్రకటనల పక్కన ఆ వాదన పెట్టి, నిలుస్తుందో లేదో తేల్చమనండి.

ఊరి స్వరూపం చూపాలంటే మన దగ్గరే చక్కటి ఉదాహరణ ఉంది. 1950ల మొదట్లో మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే ఉస్మానియా విశ్వవిద్యాలయం బృందంతో హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట గ్రామాన్ని అధ్యయనం చేసి 1955లో ప్రచురించారు. ఏ కులం ఎక్కడ నివసించేది, ఎవరు ఎవరికి ఏ సేవ చేస్తే ధాన్యం ఎలా ముట్టేది అన్నవి అందులో వివరంగా ఉన్నాయి. ఇప్పుడు ఆ ఊరి పక్కనుంచే ఔటర్ రింగ్ రోడ్డు పోతోంది. ఏం మారింది, ఏం మారలేదు అని అడగడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

రిజర్వేషన్ల వాదన వస్తుంది. పీరియడు చివరి ఐదు నిమిషాల్లో వస్తే మొదలుపెట్టకండి, రేపటికి వాయిదా వేయండి. మొదలుపెట్టిన రోజున ఒకే షరతు: ఎవరూ గదిలో ఉన్న ఎవరి గురించీ మాట్లాడకూడదు. కులం పేరుతో తిట్టు వినబడిన క్షణం చర్చ ఆపేయండి.

మార్పు ఎలా వస్తుంది

దీనికి ఒక్క ఉదాహరణ లోతుగా చెబితే చాలు. నేనైతే నెల్లూరు జిల్లా దూబగుంటను ఎంచుకుంటాను. అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు సారా గురించి మాట్లాడుకోవడం, వర్ధినేని రోశమ్మ లాంటివారు ముందు నిలిచి ఊళ్లో సారా అమ్మకం ఆపించడం, 1992లో ఉద్యమం జిల్లా దాటి పాకడం, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాని సడలింపు. చివరి మెట్టు దాచకండి, గెలిచిన ఉద్యమాలు వెనక్కి పోవడం కూడా పిల్లలు తెలుసుకోవాలి. అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఆ మగవాళ్లు అంతకుముందు కూడా తాగేవారే, ఆడవాళ్లు అంతకుముందు కూడా బాధపడినవారే, మరి అప్పుడే ఎందుకు కదిలారు? సాయంత్రం పూట అందరూ ఒకచోట కూర్చునే తరగతి లేకపోతే ఏమయ్యేది? ఎవరింటి బాధ వారిదే అనుకున్నది ఊరి సమస్యగా ఎప్పుడు మారిందో వెతికితే, మిల్స్ చెప్పిన తేడా మళ్లీ ఎదురవుతుంది.

సిద్ధాంతకర్తలకు అర పీరియడు

కామ్ట్, మార్క్స్, డ్యుర్కైమ్, వెబర్ పేర్లు ఒక కాలరేఖ మీద రాసి, ఒక్కొక్కరికీ రెండేసి వాక్యాలు చెప్పండి. ఈ వయసుకు అంతకు మించి అక్కర్లేదు. డ్యుర్కైమ్ 1897లో ఆత్మహత్యలపై చేసిన అధ్యయనంతో ఈ శాస్త్రాన్ని పరిచయం చేయడం కళాశాలల్లో ఆనవాయితీ. దయచేసి ఉన్నత పాఠశాలలో ఆ పని చేయకండి. పరీక్షా ఫలితాల వేళ మన పత్రికల్లో ఏ వార్తలు వస్తాయో అందరికీ తెలుసు. వ్యక్తిగతంగా కనిపించే దాని వెనక సమాజం ఉందని చెప్పడానికి ఇంటి పని నిమిషాలు సరిపోతాయి. ఏ పిల్లవాడైనా తనంతట తాను ఆ ప్రస్తావన తెస్తే పాఠం పక్కనపెట్టి అతనితో విడిగా మాట్లాడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416 తరగతి గోడ మీద ఎప్పుడూ ఉండాలి.

మార్కులు ఎలా వేయాలి

ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి ఎలాగూ చోటుంది. దాన్ని వాడుకోండి. రెండు పేజీల నివేదిక చాలు: నా ప్రశ్న, నేను చూసింది, నా లెక్క, నాకు మిగిలిన సందేహం.

శ్రమంతా ప్రశ్న ఎంపికలోనే ఉంది. "మా ఊళ్లో మూఢనమ్మకాలు" అని వస్తే తిప్పి పంపండి, తీర్పు ముందే ఇచ్చేశారు. "యువతపై సెల్‌ఫోన్ దుష్ప్రభావం" కూడా అంతే. "సాయంత్రం ఆరు తర్వాత మా బస్‌స్టాపులో ఎంతమంది స్త్రీలు, ఎంతమంది పురుషులు నిలబడతారు" అంటే తీసుకోండి. "మా వీధిలో ఇళ్ల ముందు ముగ్గు వేసేది ఎవరు", "చెరువు గట్టు మీద ఏ వేళలో ఏ వయసువారు కూర్చుంటారు", "గ్రంథాలయంలో పత్రిక ఎవరి చేతికి ముందు వెళ్తుంది" ఇవన్నీ మంచివే. లెక్కపెట్టగలగాలి, ఎవరి గుట్టూ బయటపడకూడదు, మూడు రోజుల్లో పూర్తి కావాలి.

చూసిన దానికన్నా పెద్ద నిర్ధారణకు దూకితే మార్కులు తగ్గించండి. ఒక బస్‌స్టాపు చూసి "భారతదేశంలో స్త్రీలకు స్వేచ్ఛ లేదు" అని రాసినవాడికన్నా, "మంగళవారం వర్షం పడింది, అందుకే తక్కువమంది ఉండొచ్చు" అని రాసినవాడికి ఎక్కువ వేయండి. దస్తూరీకీ రంగు స్కెచ్‌పెన్నులకీ అట్టకీ సున్నా. ఇంటర్నెట్టు దుకాణంలో అచ్చువేయించి తెచ్చినది తీసుకోనని ముందు రోజే చెప్పేయండి.

మార్కులు నమోదయ్యాక నిమిషాల చీటీలన్నీ పిల్లల ముందే చింపేయండి. నివేదికల్లో మనుషుల పేర్లు ఉంటే కొట్టేసి, బాగున్న నాలుగైదింటిని బడి గ్రంథాలయంలో ఉంచండి. వచ్చే ఏడాది తొమ్మిదో తరగతి అదే బస్‌స్టాపును మళ్లీ లెక్కపెట్టి పోల్చుకోవచ్చు.